గోదావరిని మళ్లించిన మారుమనస్సు

పుప్పాలగూడలో కొత్తగా లేచిన బహుళ అంతస్తుల భవనాలలో ఏదో ఒక ఇంట గృహప్రవేశం జరగని శుభముహూర్తం ఉండదు. మామిడి తోరణాలు కట్టి, పాలు పొంగించి, పీటల మీద దంపతులను కూర్చోబెట్టి పురోహితులు సంకల్పం చెప్పేటప్పుడు ఒక్కసారి శ్రద్ధగా ఆలకించండి. మీరు కూర్చున్న చోటును ఆయన పరమాత్మకు విన్నవించేది వీధి పేరుతోనో, అంతస్తు సంఖ్యతోనో కాదు. కృష్ణకు, గోదావరికి నడుమనున్న దేశమని చెబుతారు. పిమ్మట కలశంలోనికి ఏడు పుణ్యనదులను ఆవాహన చేస్తారు. ఆ ఏడింటిలో గోదావరి ఉంది, కావేరి ఉంది. గరిటెడు నీటిలో ఇన్ని నదులను దర్శించగలగడం మన పెద్దలు మనకిచ్చిన కన్ను.

ఆ కలశం కింద పోసిన బియ్యం కోనసీమ పొలాలలోనో, భీమవరం ప్రాంతంలోనో పండి ఉండవచ్చు. ఆ ఇంటి యజమాని తాతముత్తాతలు గోదావరి ఒడ్డు నుండి వచ్చినవారై ఉండవచ్చు. అటువంటి ఇళ్లు ఈ ప్రాంతంలో అనేకం. ఆ కుటుంబాల పెద్దలను అడిగి చూడండి. గోదావరిని తలచినంతనే వారి నోట మరొక పేరు కూడా వస్తుంది. అది ఏ ఋషి పేరో, ఏ రాజు పేరో కాదు. సముద్రాలు దాటి వచ్చిన ఒక ఆంగ్లేయుని పేరు. ఆయనే సర్ ఆర్థర్ కాటన్. గోదావరి జిల్లాల వారికి కాటన్ దొర.

కాటన్ మన మతంవారు కారు. ఏసుక్రీస్తును ఆరాధించిన నిష్ఠాపరుడైన క్రైస్తవుడు. ఆయన కట్టిన ఆనకట్టను గురించి మీరు విని ఉంటారు. ఆ ఆనకట్టకు వెనుకనున్న భక్తిని గురించి మనలో చెప్పుకొనేది తక్కువ. ఒక మనిషి లోపల కలిగిన మార్పు ఎంత దూరం ప్రవహించగలదో తెలుసుకొనడానికి ఆయన జీవితాన్ని మించిన ఉదాహరణ మన తెలుగునాట అరుదు. అందుకే ఈ ఆదివారం ఆ కథను మీ ముందుంచుతున్నాము.

పద్దెనిమిదేళ్ల ప్రాయంలో

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. పదకొండు మంది మగపిల్లలున్న ఆ పెద్ద కుటుంబంలో ఆయన పదవవారు. అన్నదమ్ములలో పలువురు ఉన్నత పదవులలో రాణించారు. ఒకరు ఆక్స్‌ఫర్డ్‌లో విద్యాసంస్థకు అధిపతి అయ్యారు, మరొకరు సైన్యాధికారిగా పేరుపొందారు. ఆర్థర్ మాత్రం పదిహేనేళ్లకే ఈస్టిండియా కంపెనీవారి అడిస్కాంబ్ సైనిక విద్యాలయంలో చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళానికి ఎంపికయ్యారు. 1821లో, పద్దెనిమిదేళ్ల ప్రాయంలో, మద్రాసు తీరాన అడుగుపెట్టారు.

ఆనాటి కంపెనీ కొలువు ఎటువంటిదో మీరు ఎరుగుదురు. కొద్దికాలం ఉండి, వీలైనంత సంపాదించుకొని, ఆరోగ్యం చెడకముందే స్వదేశం చేరుకోవడం చాలామంది కోరిక. ఈ దేశం వారి కళ్లకు ఒక మజిలీ మాత్రమే. యువకుడైన కాటన్ కూడా అందరిలాగే వచ్చారు. దక్షిణ మండలంలో చెరువుల పర్యవేక్షణ శాఖలో పనిచేశారు. పాంబన్ జలసంధిని సర్వే చేశారు. 1824లో మొదలైన బర్మా యుద్ధానికి వెళ్లి వచ్చారు. సమర్థుడైన యువ అధికారిగా గుర్తింపు పొందారు. అంతవరకు చెప్పుకోవలసిన విశేషం లేదు.

లోపలి మలుపు

విశేషం లోపల జరిగింది. దక్షిణదేశంలో గడిపిన ఆ తొలి సంవత్సరాలలోనే కాటన్ తన విశ్వాసాన్ని కొత్తగా కనుగొన్నారు. పుట్టుకతో ఆయన క్రైస్తవులే. కాని పుట్టుకతో వచ్చిన మతం వేరు, మనసు పట్టుకున్న మతం వేరు. మనలో కూడా యజ్ఞోపవీతం భుజాన ఉన్నంత మాత్రాన గాయత్రి హృదయంలో ఉన్నట్లు కాదు కదా! ఆయన నిత్యం బైబిలు చదివేవారు, ప్రార్థన చేసేవారు. అది జీవితాంతం విడువని నియమమైంది. ఆయన కుమార్తె లేడీ హోప్ 1900లో ప్రచురించిన జీవితచరిత్రలో ఆయన వృత్తి ఎంత కనిపిస్తుందో, ఆ దైవచింతన కూడా అంతే కనిపిస్తుంది.

క్రైస్తవులు ఈ లోపలి మలుపును తెలుగులో మారుమనస్సు అంటారు. చక్కని మాట. దుస్తులు మార్చుకోవడం, పేరు మార్చుకోవడం కంటే ఎంతో లోతైనది ఇది. మనసే మారాలి. అప్పటివరకు తన చుట్టూ తిరిగిన కోరికలు పరుల చుట్టూ తిరగడం మొదలుపెట్టాలి. మన శాస్త్రాలు చెప్పే చిత్తశుద్ధికి ఇది ఎంత దగ్గరిదో మీరే గ్రహించగలరు. నిశ్చలమైన నీటిలో ఆకాశం ప్రతిఫలించినట్లు, శుద్ధమైన చిత్తంలో ఎదుటివారి బాధ ప్రతిఫలిస్తుంది. గీతాచార్యుడు కూడా సర్వభూతాల మేలు కోరి పాటుపడేవారు తననే చేరుతారని సెలవిచ్చాడు.

క్రీస్తు తన శిష్యులకు దైవరాజ్యాన్ని గురించి చెబుతూ, పిండిలో కలిపిన పులిసిన ముద్దతో దానిని పోల్చాడు. మన వంటింటి భాషలో చెప్పుకొంటే అది పాలలో వేసిన తోడు. చెంచాడు తోడు గిన్నెడు పాలను రాత్రికి రాత్రి మార్చివేస్తుంది. వేసిన తోడు మళ్లీ కంటికి కనిపించదు. మార్పు మాత్రం గిన్నె అంచు దాకా పాకుతుంది. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టినా, దప్పిగొన్నవానికి నీరిచ్చినా అది తనకే చేసినట్లని కూడా క్రీస్తు బోధించాడు. ఎందరో చదివి పక్కన పెట్టిన ఆ బోధను కాటన్ తన వృత్తికి అన్వయించుకున్నారు. దప్పిగొన్న ఒక్క మనిషికి చెంబెడు నీళ్లు ఇవ్వవచ్చు. దప్పిగొన్న జిల్లాకు ఏమివ్వాలి? ఇంజనీరుగా ఆ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఆయన సాధన అయింది.

కావేరి ఒడ్డున శిష్యుడు

మనసు మారిన మనిషికి మొదట పోయేది అహంకారం. దానికి నిదర్శనం కావేరి ఒడ్డున దొరుకుతుంది. 1820ల చివర కాటన్‌కు కావేరి నీటిపారుదల పనులు అప్పగించారు. తంజావూరు సీమకు ప్రాణమైన ఆ నదిలో ఇసుక మేటలు వేసి, ప్రవాహం కొళ్లిడం పాయలోకి జారిపోతున్న కాలమది. అక్కడ ఆయన కల్లణై అనే ప్రాచీన ఆనకట్టను చూశారు. దానిని కరికాల చోళుడు కట్టించాడని ప్రతీతి. దాదాపు రెండు వేల ఏళ్ల నాటి కట్టడం. అడుగున గట్టి రాతిపొర లేదు, ఎంత లోతు తవ్వినా ఇసుకే. అయినా ఆ కట్ట నిలిచి ఉంది.

పాలకజాతికి చెందిన ఇంజనీరు సాధారణంగా అక్కడ ఏం చేస్తాడు? పాత కట్టడాన్ని చూసి చిరునవ్వు నవ్వి ముందుకు సాగిపోతాడు. కాటన్ ఆగారు. ఆ రాళ్లు ఇసుకలో ఎలా కుదురుకున్నాయో, మట్టితో వాటిని ఎలా బిగించారో విద్యార్థిలా పరిశీలించారు. ఆ విద్యతోనే కొళ్లిడం మీద ఎగువ, దిగువ ఆనకట్టలు రెండింటిని నిర్మించి 1836 నాటికి పూర్తిచేశారు. తంజావూరు పొలాలకు మళ్లీ నీరు అందింది.

చాలా ఏళ్ల తరువాత, 1874లో, వృద్ధుడైన కాటన్ ఆ ఋణాన్ని బహిరంగంగా ఒప్పుకున్నారు. లోతు తెలియని ఇసుకలో పునాది వేసే విద్యను తాము ఈ దేశపు ప్రాచీన శిల్పుల నుండే నేర్చుకున్నామని, తాము కట్టిన వంతెనలు, ఆనకట్టలు అన్నీ ఆ విద్య చలవేనని రాశారు. సామ్రాజ్యం మహోన్నత దశలో ఉండగా, పాలితుల పూర్వికులను గురువులుగా అంగీకరించడం తేలిక కాదు. వినయం ఆయన ప్రార్థనలో ఉండిపోలేదు. ఆయన పునాదులలోకి దిగింది.

కరువు సీమ

ఎడతెగని శ్రమతో ఆయన ఆరోగ్యం చెడింది. సెలవు మీద ఆస్ట్రేలియా ఖండానికి వెళ్లారు. 1841లో ఎలిజబెత్ లియర్మంత్‌ను వివాహమాడి, అనంతరం భారతదేశానికి తిరిగి వచ్చారు. కొంతకాలం విశాఖపట్నంలో పనిచేశారు. సముద్రపు కోతను అరికట్టే పనులు చూశారు. అక్కడ ఒక చర్చి నిర్మాణంలో కూడా ఆయన చెయ్యి ఉంది. అక్కడి నుండి 1844లో గోదావరి తీరానికి వచ్చారు.

నేడు పచ్చని తివాచీ పరచినట్లు కనిపించే ఆ సీమను ఆనాటి రూపంలో ఊహించుకోండి. 1830ల తొలినాళ్లలో వచ్చిన భయంకరమైన కరువును తెలుగువారు డొక్కల కరువన్నారు. ఆ పేరులోనే మనుషుల రూపం కనిపిస్తుంది. గుంటూరు మండలం అన్నింటికన్నా ఎక్కువగా నష్టపోయింది. దానికి తోడు 1839లో కోరంగి తీరాన్ని తుపాను, ఉప్పెన ముంచెత్తాయి. నాటి లెక్కలలో రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7,38,308. 1841 నాటికి అది 5,61,041కి పడిపోయింది. ఇరవై ఏళ్లలో దాదాపు నాలుగింట ఒకరు లేకుండాపోయారు. కొందరు మరణించారు, కొందరు ఊళ్లు విడిచి వలసపోయారు.

ఇది జరిగింది నీరు లేని చోట కాదు. ఏటా వర్షాకాలంలో మైళ్ల వెడల్పున పొంగి పారే గోదావరి పక్కనే. నది నిండుగా సముద్రంలో కలుస్తూ ఉంటే, దాని ఒడ్డున బిడ్డలు ఆకలితో మరణించారు. కంపెనీ కొలువులో ఎందరో అధికారులు ఈ దృశ్యాన్ని కాటన్‌కు ముందు చూశారు. వారిలో చాలామందికి అది విధివిలాసంగా కనిపించింది, లేదా శిస్తు తగ్గడానికి కారణంగా కనిపించింది. కాటన్‌కు అది పాపంగా కనిపించింది. చేయగలిగి ఉండీ చేయని పాపం. అందులోనూ అది తన ప్రభుత్వం చేసిన పాపం. భగవంతుడు నదిని ఇచ్చి, కొలిచి మళ్లించే బుద్ధిని కూడా ఇచ్చిన తరువాత, కరువును దైవం మీదికి నెట్టడం దైవనింద అవుతుందని ఆయన నమ్మకం.

మారుమనస్సు అంటే ఇదే. అందరి కళ్లకూ కనిపించినదే ఆయనకూ కనిపించింది. కాని ఆయన దానిని చూసి నిద్రపోలేకపోయారు.

ధవళేశ్వరం తపస్సు

కాటన్ గోదావరి పాయల వెంట తిరిగారు. గుర్రం మీద, కాలినడకన, పడవలో తిరిగి నది వాలును, ఒడ్డుల ఎత్తును, లంకల స్వభావాన్ని కొలిచారు. ధవళేశ్వరం వద్ద నది నాలుగు పాయలుగా లంకల మధ్య విస్తరించే చోటు ఆనకట్టకు తగినదని నిర్ణయించారు. నివేదికలు రాశారు. కంపెనీవారి మనసు తెలిసినవారు కనుక, ప్రజల కన్నీళ్లతోపాటు రాబోయే ఆదాయాన్ని కూడా లెక్కగట్టి చూపారు. 1846 చివరికి లండన్ నుండి అనుమతి వచ్చింది. 1847లో పని ఆరంభమైంది.

అడిగినంతమంది ఇంజనీర్లు దొరకలేదు. శిక్షణ లేని కొద్దిమంది యువకులతో, స్థానిక మేస్త్రీలతో, కూలీలతో పని సాగించవలసి వచ్చింది. ఒక దశలో పదివేల మంది వరకు అక్కడ శ్రమించారు. ధవళేశ్వరం కొండ రాతిని తరలించడానికి పట్టాలు పరిచారు. మన దేశంలో వేసిన తొలి రైలుపట్టాలలో అవి కూడా ఉన్నాయి. వరద వచ్చినప్పుడు చేసిన పని కొట్టుకుపోకుండా కాపాడుకోవడం, వేసవి రాగానే మళ్లీ మొదలుపెట్టడం. ఇలా ఐదేళ్లు గడిచాయి.

ఈ యజ్ఞంలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచినవారు వీణెం వీరన్న. రాజమండ్రి ప్రాంతానికి చెందిన ఈ బ్రాహ్మణుడు కూలీలను సమీకరించి, వారి భాషలో వారిని నడిపించి, నది ఎదుట నిలబడి పని చేయించారు. ఆయన సేవలను కాటన్ తన నివేదికలలో ప్రశంసించారు. తరువాతి కాలంలో ప్రభుత్వం ఆయనకు రాయ్ బహదూర్ బిరుదునిచ్చింది. ఒకరు బైబిలు చదివేవారు, మరొకరు సంధ్య వార్చేవారు. నడుమ గోదావరి ప్రవహించింది. ఇద్దరి ప్రార్థనకూ ఫలితం ఒకటే అయింది.

1848లో కాటన్ మళ్లీ తీవ్రంగా జబ్బుపడ్డారు. పనిని కెప్టెన్ ఓర్ అనే సహచరునికి అప్పగించి సెలవు మీద వెళ్లవలసి వచ్చింది. తాను లేకపోయినా పని ఆగలేదు. 1850లో తిరిగి వచ్చి నిర్మాణాన్ని చివరిదాకా నడిపించారు. 1852లో ఆనకట్ట పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలీ, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా అది గోదావరికి అడ్డంగా నిలిచింది. గన్నవరం వద్ద ఒక పాయ మీదుగా కాలువను దాటించిన అక్విడక్టును లెఫ్టినెంట్ హేగ్ నిర్మించారు. కోనసీమకు నీరు చేరింది. ఆ వెనువెంటనే 1852లో బెజవాడ వద్ద కృష్ణమ్మ మీద కూడా ఆనకట్ట పని మొదలై 1855లో పూర్తయింది. దాని నిర్మాణ బాధ్యత కెప్టెన్ ఓర్‌ది. మీ సంకల్పంలో వినిపించే రెండు నదులూ పొలాల బాట పట్టాయి.

ఫలితం మీరు తినే అన్నంలోనే ఉంది. నేడు గోదావరి డెల్టాలో దాదాపు పది లక్షల ఎకరాలకు ఈ నీరు అందుతోంది. 1876లో మొదలై దక్షిణాదిని వల్లకాడు చేసిన ధాత కరువులో గోదావరి డెల్టా నిలదొక్కుకోగలిగింది. ఒకప్పుడు కరువుకు బలైన సీమ, మరొక కరువులో ఇతరులకు ధాన్యం పంపే స్థితికి చేరింది. అంతకంటే గొప్ప పరివర్తన ఏముంటుంది?

నిష్ఠురమైన నిజాలు

పుణ్యపురుషుల కథ చెప్పేటప్పుడు నిజాన్ని దాచడం భక్తి అనిపించుకోదు. కాటన్ కంపెనీ సేవకుడు. ఆయన తెచ్చిన నీటితో కంపెనీ ఖజానా కూడా నిండింది. ఆ కాలువలు తవ్విన కూలీలలో చాలామందికి సెంటు భూమి లేదు. నీరు ముందుగా చేరింది భూమి ఉన్నవారికే. ఆయన తన మతం ఈ దేశంలో వ్యాపించాలని కోరుకున్నవారు కూడా. ఆ కోరికతో మీరు ఏకీభవించనవసరం లేదు. కాని ఒక సంగతి గమనించండి. ఆయన మళ్లించిన నీరు గుడి మాన్యానికీ, మసీదు ఊళ్లకూ, చర్చి ఊళ్లకూ ఒకే తీరున పారింది. కాలువ ఎవరినీ మతం అడగలేదు.

ఆయన తన జాతివారితోనే జీవితమంతా వాదించారు. రైళ్లకు కోట్లు గుమ్మరిస్తూ నీటిపారుదలను నిర్లక్ష్యం చేయడాన్ని తీవ్రంగా ఖండించారు. తిండి లేనివానికి బండి ఎందుకన్నది ఆయన వాదన సారాంశం. 1861లో సర్ బిరుదు ఇచ్చినవారే, ఆయన లెక్కలను శంకించారు. ధాత కరువు వేళ కూడా వృద్ధాప్యాన్ని లెక్కచేయక రచనలు చేశారు, సభలలో మాట్లాడారు. 1878లో పార్లమెంటు సంఘం ఎదుట ప్రశ్నలను ఎదుర్కొన్నారు.

ఆయన ఆలోచనలన్నీ ఫలించలేదు. తుంగభద్ర నీటిని కర్నూలు, కడప సీమకు తేవడానికి ఒక కంపెనీ చేపట్టిన కాలువ అనుకున్న ఆదాయం ఇవ్వక, 1882లో ప్రభుత్వం దానిని కొనవలసి వచ్చింది. ఒరిస్సాలోని పథకం కూడా నష్టాల పాలైంది. ప్రత్యర్థులు ఈ ఉదాహరణలనే ఆయన మీదికి విసిరారు. దేశంలోని నదులన్నీ కలపవచ్చన్న ఆయన స్వప్నాన్ని అత్యాశ అన్నారు. ఆ నిందలు ఆయనను బాధించి ఉండవచ్చు. దారి మాత్రం తప్పించలేకపోయాయి. ఫలం మీద అధికారం మనది కాదని మనం గీతలో చదువుకొంటాము. ఆ తత్త్వాన్ని ఆయన తన గ్రంథంలో, తన ప్రార్థనలో వెదకి పొందారు.

డార్కింగ్‌లో సాయంకాలం

చివరి సంవత్సరాలు ఇంగ్లండులోని డార్కింగ్ పట్టణంలో గడిచాయి. అక్కడ కూడా ఆయన చేతులు ఊరుకోలేదు. ఇంటి పెరడులో లోతుగా దున్ని గోధుమ పండించే ప్రయోగాలు చేశారు. తక్కువ నేలలో ఎక్కువ తిండి పండించగలిగితే పేదవానికి మేలన్నదే అప్పటికీ ఆయన తపన. నదులను మళ్లించిన మనిషి, చివరకు దోసెడు మట్టి ముందు మోకరిల్లారు. పని పెద్దదా, చిన్నదా అనే భేదం మారిన మనసుకు ఉండదు. తొంభై ఆరేళ్ల నిండు జీవితం గడిపి, 1899 జూలైలో ఆయన కన్నుమూశారు.

గోదావరి ఆయనను మరచిపోలేదు. పాత ఆనకట్ట శిథిలమైన తరువాత 1970లో మొదలుపెట్టి 1982 నాటికి పూర్తిచేసిన కొత్త బరాజ్‌కు ఆయన పేరే పెట్టారు. ధవళేశ్వరంలో ఆయన పేర మ్యూజియం ఉంది. డెల్టా గ్రామాలలో ఎన్నో కూడళ్లలో ఆయన విగ్రహాలు కనిపిస్తాయి. మే 15న రైతులు పూలమాలలు వేస్తారు. గోదావరి స్నాన పుణ్యాన్ని నిత్యం ప్రసాదించిన అపర భగీరథునిగా ఆయనను స్మరించే సంస్కృత శ్లోకం ఆ ప్రాంతపు పండితుల నోట నేటికీ వినిపిస్తుంది. పుష్కరాలలో తమ పితృదేవతలతోపాటు ఆయనకు కూడా తర్పణం విడిచేవారున్నారు.

ఒక్కక్షణం ఆలోచించండి. తర్పణం అంటే నీటితో తృప్తిపరచడం. జీవితమంతా ఇతరులకు నీరిచ్చినవానికి నువ్వులతో కలిపిన నీరే వెనక్కి ఇస్తున్నారు ఆ జనం. ఆయన మతం వేరని వారికి తెలియక కాదు. వంశం, వర్ణం, దేశం అన్నీ దాటి, అన్నం పెట్టినవాడు తండ్రితో సమానమని మన ధర్మం నేర్పిన సంస్కారం అది. ఆయన విశ్వాసం ఎంత ఉన్నతమైనదో, దానిని గుర్తించిన ఈ నేల విశ్వాసం కూడా అంత ఉన్నతమైనదే.

మీ ముంగిట ఉన్న భగీరథమ్మ

ఇప్పుడు పుప్పాలగూడకు తిరిగి రండి. ఇక్కడ మహానది లేదు. అయితే గండిపేట మండలమన్న పేరే ఒక జలాశయాన్ని గుర్తుచేస్తుంది. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచిన తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా వెలసిన ఉస్మాన్‌సాగర్‌నే మనం గండిపేట చెరువంటాము. దానికంటే దగ్గరగా, పక్కనే ఉన్న ఖాజాగూడలో ఒక చెరువుంది. దాని పేరు భగీరథమ్మ చెరువు. భగీరథుని పేరు ఎక్కడో పురాణంలోనే ఉందనుకుంటాము. అది మన వీధి చివర నీటి మీద రాసి ఉంది.

నిత్యం కలశంలో ఏడు నదులను ఆవాహన చేసే మనము, ఇంటి చెంతనున్న చెరువును ఎలా చూస్తున్నాము? పూజ ముగిసిన పూలను ప్లాస్టిక్ సంచితో సహా ఎక్కడ విడుస్తున్నాము? రంగులు పూసిన విగ్రహాలను ఏ నీటిలో నిమజ్జనం చేస్తున్నాము? కుంటలు పూడి, నాలాలు మూసుకుపోయి, వానాకాలంలో వీధి మునిగినప్పుడు దైవాన్ని నిందిస్తున్నామా, మన చేతులను చూసుకొంటున్నామా? కాటన్ అడిగిన ప్రశ్న ఇదే. చేయగలిగి ఉండీ చేయనిదానిని విధి అనవచ్చునా?

దీనికి మతం మార్చుకోవలసిన పని లేదు. మనసు మార్చుకోవలసిన పని ఉంది. క్రీస్తు భక్తుడైన ఒక ఇంజనీరుకు తన ప్రార్థన తన వృత్తిగా మారింది. మీ భక్తి మీ వృత్తిలోకి, మీ ఇంటి నీటి వాడకంలోకి, మీ అపార్ట్‌మెంట్ సంఘం తీసుకొనే నిర్ణయంలోకి దిగివస్తే మీ పూజ కూడా అంతే సఫలమవుతుంది. వాన నీటిని భూమిలోకి దింపే ఒక గుంత, మట్టి వినాయకునికి తోటలోని బిందెలో నిమజ్జనం, నీళ్ల ట్యాంకరు వెంట పరుగెత్తే కాపలాదారు ఇంటికి కూడా కొళాయి. ఇవి చిన్న పనులే. తోడు కూడా చిన్నదే.

ఈసారి ట్యాంక్‌బండ్ వైపు వెళ్లినప్పుడు, 1980లలో అక్కడ ప్రతిష్ఠించిన తెలుగు వెలుగుల వరుసలో కాటన్ దొర విగ్రహాన్ని మీ పిల్లలకు చూపించండి. ఆయన ఏ దేశంవారో, ఏ మతంవారో చెప్పండి. ఆయన ప్రార్థన ఎటువంటిదో కూడా చెప్పండి. రేపు ఉదయం పూజామందిరంలో ఉద్ధరిణెతో నీరు చేతిలో పోసుకొని గోదావరిని తలచుకొనేటప్పుడు, ఆ నీటిచుక్క మీ అరచేతిలోనే ఆగిపోకుండా ఎవరి పొలం దాకా, ఎవరి గొంతు దాకా చేరాలో కూడా తలచుకోండి. ఆ తలపే ఆచమనానికి ఫలం.